లేబులక్క పళ్లెం

క్యాంటీన్ తలుపు పక్కన చేతులు కడుక్కునే కుళాయి ఒకటుంది. ఆ కుళాయి కింద ఒక మనిషి నెల రోజుల పాటు ప్రతి మధ్యాహ్నం తన కూర కడుక్కుంది. పళ్లెం కొంచెం వంచి, ఉడికిన బీన్సూ క్యారెట్టూ జారిపోకుండా ఎడమచెయ్యి అడ్డం పెట్టి, సన్నటి ధార కింద తిప్పేది. ఎర్రనీళ్లు సింకులోకి పోయేవి. ముక్కలు పాలిపోయేవి. చల్లారి చప్పబడిన ఆ ముక్కల్ని తీసుకెళ్లి చివరి బల్ల దగ్గర కూర్చుని తినేది.

మూడొందల మంది చూశారు. నవ్వినవాళ్లున్నారు. "కడుగులక్క వచ్చింది, కుళాయి వదలండ్రా" అన్నవాళ్లున్నారు. ఎందుకు కడుగుతున్నావని అడిగినవాళ్లు ఇద్దరే. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. అనాలని కూడా ఆవిడకి తట్టలేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, వేళకి కడుపుకి పెడుతున్నారు. ఇంక దేన్ని పట్టుకుని అన్యాయమంటాం? అలాంటి అన్యాయాలే మన మధ్య ఏళ్ల తరబడి హాయిగా బతికేస్తుంటాయి.

కుళాయి దగ్గరికి రాకముందు ఆవిడ పేరు కడుగులక్క కాదు, లేబులక్క. సాసుల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లుగా ఒకటే కుర్చీ. ఎదురుగా కదిలే బెల్టు, దాని వెనక తెల్లటి దీపపు పెట్టె. దీపం ముందు నుంచి సీసాలు వరసగా పోతుంటాయి. లేబుల్ వంకరగా అంటుకున్నా, మూల లేచినా, ముడత పడినా ఆ సీసాని కుడిచేత్తో తీసి పక్కనున్న నీలం డబ్బాలో పెట్టాలి. అంతే పని. పదహారు సీసాలు దాటేలోపు ఒకసారి కన్నార్పుకోవచ్చని ఆవిడ లెక్క. పెళ్లిచూపులకి తీసుకెళ్తే ముందు పెళ్లికూతురి బొట్టు తిన్నగా ఉందో లేదో చూస్తుందని తోటివాళ్లు ఆటపట్టించేవాళ్లు. నిజమే కూడా. గోడ మీద క్యాలెండర్ వేలెడు పక్కకి ఒరిగితే ఆవిడకి మాట సాగదు.

ఆ నీలం డబ్బా ఎక్కడికి పోతుందో ఇక్కడే చెప్పాలి. లేబుల్ వంకరైనంత మాత్రాన లోపలి సాసు చెడిపోదు. అమ్మడానికి పనికిరాదు, పారబొయ్యడానికి మనసొప్పదు. అందుకని పదకొండింటికి ఒక బండి వచ్చి డబ్బాలన్నీ ఎత్తుకుని క్యాంటీన్ వెనక గుమ్మం దగ్గర దింపుతుంది. వంట బాబాయ్ మూతలు తీసి పెద్ద తొట్టెలో ఒంపుతాడు. ఉడికిన కూరముక్కల మీద, కోడిగుడ్ల మీద, పచ్చి ఆకుల మీద గరిటెతో పోసి కలిపేస్తాడు. పొద్దున లేబులక్క చేత్తో పక్కన పెట్టినదే మధ్యాహ్నం లేబులక్క పళ్లెంలోకి వస్తుంది.

ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు కదా అంటారా? గేటులోకి తిండి డబ్బా రానివ్వరు. బయటి తిండి వస్తే పురుగు వస్తుందని, సరుకు పాడవుతుందని బోర్డు రాసి పెట్టారు. బయటికి వెళ్లి తిని రావచ్చు కదా? ఏడింటికి మూసిన గేటు నాలుగింటికి గానీ తెరవరు.

బెల్టు దగ్గర కూర్చునేవాళ్లకి ఆర్నెల్లకోసారి కంటిపరీక్ష. ఈసారి డాక్టరు కళ్లలోకి దీపం వేసి చాలాసేపు చూసి, కుర్చీ వెనక్కి జరిపాడు.

"షుగరుందని ఎప్పుడైనా చెప్పారామ్మా?"

"రెండేళ్లయిందండి. మాత్ర వేసుకుంటున్నా."

"వేసుకున్నా దిగడం లేదు. కంటి వెనక నెత్తురు చుక్కలు కనబడుతున్నాయి. మూడు నెలలు టైమిస్తాను. తీపి తగ్గించు. అప్పటికీ చుక్కలు పెరిగితే బెల్టు మీద కూర్చోవడానికి నేను సంతకం పెట్టలేను."

చూపు పోతుందేమోనన్న భయం ఒకటి, పోకముందే కుర్చీ పోతుందన్న భయం ఇంకొకటి. ఆ ఫ్యాక్టరీలో చూపు తగ్గినవాళ్లకి పని లేదు. ఇంతకుముందు అలా వెళ్లిపోయిన ఇద్దరిని ఆవిడ గేటు దాకా సాగనంపి వచ్చింది.

ఆ రోజు నుంచి టీలో పంచదార మానేసింది. బిస్కెట్లు మానేసింది. పక్కింట్లో పుట్టినరోజుకి పిలిస్తే తలనొప్పని చెప్పి వెళ్లలేదు. నెల తిరిగాక రక్తం చూపించుకుంటే అంకె ఉన్నచోటే ఉంది. ఇంగువ డబ్బాలో దాచుకుని తింటున్నావా ఏమిటని వాళ్లాయన నవ్వాడు. ఆవిడకి ఏడుపొచ్చింది.

వాళ్లాయన దర్జీ. ఇంటి ముందుగది ఆయన కొట్టు. ఓ ఆదివారం పొద్దున మిషన్ పక్కన కూర్చుని, సూదిబెజ్జం చూసే భూతద్దం తీసి, ఆవిడ తెచ్చిన ఎర్రసాసు సీసా వెనక్కి తిప్పాడు.

"నువ్వు చదివావా ఇది ఎప్పుడైనా?"

"రోజూ చూసేదేగా."

"చూడటం వేరే, చదవడం వేరే. పద్నాలుగేళ్లు ఊడిందా, అంటుకుందా అని చూశావు గానీ ఏం రాశారో చదవలేదన్నమాట. పెళ్లికి ముందు నా జాతకం కూడా ఇలాగే చూసుంటావు."

"అది చదివుంటే ఇక్కడెందుకుంటాను. చెప్పండి, ఏం రాశారు?"

"చీమలు కూడా కళ్లజోడు పెట్టుకోవాలి దీనికి. ఆగు... వంద గ్రాముల్లో చక్కెర ఇరవై మూడు."

ఆవిడ లేచి వంటింట్లోంచి పంచదార డబ్బా తెచ్చింది. దర్జీ బల్ల మీద పాత పేపరు పరిచి చెంచాతో పోసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదున్నర. పేపరు మీద తెల్లటి కుప్ప. టీలో ఒక్క చెంచా మానేసి నెలంతా పెద్ద త్యాగం చేశానని అనుకుంది. పళ్లెంలో బాబాయ్ గరిటెడు పోస్తే అందులోనే రెండు మూడు చెంచాలు పోతున్నాయి.

"మరి తెల్లది?" అన్నాడాయన. పచ్చి ఆకుల మీద పోసే తెల్లసాసు సీసా కూడా ఆవిడ తెచ్చింది. అందులో పదిహేడు. ఇవికాక ఆయన ముచ్చటపడి దుకాణంలో కొనుక్కొచ్చిన సీసా ఒకటుంది. దాని మీద ఆకుపచ్చ అక్షరాలతో 'చక్కెర కలపలేదు' అని ఇంత లావున రాసుంది. వెనక భూతద్దం పెడితే ఖర్జూరపు రసం, ద్రాక్ష గుజ్జు. చక్కెర పంతొమ్మిది.

"కలపలేదన్నారుగా!" అంది ఆవిడ.

"కలపలేదు. ఖర్జూరాన్ని తోడు తెచ్చుకున్నారు. గళ్లు వద్దు, సాదా చొక్కా కుట్టమంటే చారలచొక్కా కుట్టి, గళ్లు కలపలేదండీ అన్నట్టుంది."

చివరి సీసా వాళ్ల ఫ్యాక్టరీదే, ఆవసాసు. ఆవపిండి, వెనిగర్, ఉప్పు, పసుపు. చక్కెర రెండు. ఆవిడ ఆ సీసాని రెండు చేతుల్లోకి తీసుకుంది.

ఇంట్లో దారి తేలిగ్గానే దొరికింది. కీరా ముక్కల మీద నిమ్మరసం, మిరియాల పొడి. ఉడికిన బీన్స్ మీద కాస్త నూనె, వెల్లుల్లి. పెరుగులో పుదీనా నూరి పచ్చి ఆకుల మీద. గుడ్డుకి ఆవసాసు. పది రోజులకల్లా దర్జీగారే అలవాటు పడిపోయి, కొట్టులో కూర్చున్న ఖాతాదారులకి కూడా భూతద్దంతో పాఠాలు మొదలుపెట్టాడు. కానీ ఆవిడ రోజులో సగం, ఆ రోజుకి పెద్ద భోజనం, ఫ్యాక్టరీలోనే.

వంట బాబాయ్‌ని అడిగింది. "బాబాయ్, నా ఒక్క పళ్లెంలో సాసు పొయ్యకు. చప్పిడివే పెట్టెయ్."

"ఎలా పెట్టనమ్మా? కూర, సాసు కలిపేశాకే కౌంటర్ మీదికొస్తుంది. నీకోసం పక్కన తీస్తే నీ వెనకున్నావిడకి కారం వద్దు, ఆ వెనకాయనకి ఉప్పు వద్దు. నేనొక్కణ్ణి, గరిటొకటి."

"ముందే కాస్త తీసిపెట్టవచ్చుగా."

బాబాయ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తియ్యొద్దని చెప్పారమ్మా. డబ్బాలన్నీ ఏ రోజువి ఆ రోజు అయిపోవాలంట. మిగిలితే నన్నడుగుతారు."

సూపర్‌వైజర్‌ని అడిగింది. ఆయన ఆవిడకంటే పదేళ్లు చిన్న, అక్కా అనే పిలుస్తాడు.

"అక్కా, మన సాసులో తీపెక్కువని మనమే అంటే బయటోళ్లేం అనుకుంటారు? కొంచెం సర్దుకో."

"పోనీ ఇంటి నుంచి చిన్న డబ్బా తెచ్చుకోనీ."

"నీకొక్కదానికి గేటు తెరిస్తే రేపు అందరూ టిఫిన్ క్యారియర్లు ఊపుకుంటూ వస్తారు. నా ఉద్యోగం ఊడగొట్టకక్కా."

తినకుండా ఉందామంటే అదీ కుదరదు. పొద్దున వేసుకున్న మాత్రకి మధ్యాహ్నం తిండి పడాలి. ఒకరోజు మొండికేసి పళ్లెం ముట్టలేదు. రెండింటికి దీపం ముందు సీసాలు రెండేసి కనబడ్డాయి, చేతులు వణికాయి, చెమట పట్టింది. పక్క కుర్చీలో సీసాల మూతలు బిగిశాయో లేదో చూసే ఆవిడ, మూతలావిడ, పరుగెత్తుకొచ్చి నోట్లో ఏదో పోసింది. ఆదుర్దాలో ఆవిడ చేతికందింది ఎర్రసాసే. ఆ పూటకి అదే ప్రాణం నిలబెట్టింది. తింటే ఒక బాధ, తినకపోతే ఇంకోటి. మర్నాటి నుంచి లేబులక్క కుళాయి దగ్గరికి నడిచింది.

కడిగితే పైది పోతుంది, ముక్కలోకి ఇంకింది పోదు. అయినా ఏదో కొంత. నెల రోజులు అలా నడిచాక కుళాయి మీద కాగితం అంటించారు: 'ఆహారపదార్థములు ఇచ్చట కడుగరాదు.' లేబులక్క ముందు గమనించింది ఆ కాగితం ఎడమపక్కకి ఒరిగి ఉందని. చేత్తో సరిచేసింది కూడా. తర్వాతే చదివింది. ఆ మధ్యాహ్నం ఎర్రసాసు కూర అలాగే తిని, బెల్టు దగ్గరికెళ్లి కూర్చుంది.

పరీక్షకి ఇంక నాలుగు వారాలు.

మర్నాడు పొద్దున బెల్టు మీద ఎర్రసాసు నడుస్తోంది. ఒక సీసా వచ్చింది, లేబుల్ కుడివైపు కిందికి జారి ఉంది. చెయ్యి దానంతటదే లేచింది. గాలిలో ఆగింది. సీసా దీపం దాటి, మూతలావిడ ముందు నుంచి వెళ్లిపోయింది. పద్నాలుగేళ్లలో తెలిసి తెలిసి వదిలిన మొదటి వంకర అది. దొంగతనం చేసినట్టు ఆవిడ ఓసారి వెనక్కి చూసింది. తర్వాతిది కూడా వదిలింది. పదింటికి బెల్టు మీద ఆవసాసు మొదలైంది. తిన్నగా, నున్నగా, పెళ్లికొడుకులా వస్తున్న సీసాని తీసి నీలం డబ్బాలో పెట్టింది. ఇంకోటి. ఇంకోటి. డబ్బాలో ఎన్ని ఉన్నాయో సూపర్‌వైజర్ లెక్క చూస్తాడు గానీ, ఏవి ఉన్నాయో తొంగి చూడడు. లెక్క రోజూ వచ్చేంతే వచ్చింది.

మధ్యాహ్నం క్యాంటీన్ పచ్చబడింది. బీన్స్ మీద ఆవసాసు, గుడ్ల మీద ఆవసాసు, ఆకుల మీద ఆవసాసు. లేబులక్క చివరి బల్ల దగ్గర కూర్చుని, కడక్కుండా, వేడివేడిగా, నెల తర్వాత మొదటిసారి కడుపునిండా తింది.

వారం తిరిగేసరికి గోల మొదలైంది.

"బాబాయ్, ఏంటీ ఘాటు? ముక్కులోంచి పొగలొస్తున్నాయి."

"జలుబు మందు కూడా కలిపి పెడుతున్నార్రా, ఊరికే పెట్టరు."

"మా ఆవిడ నన్ను చూసి, పచ్చకామెర్లా అనడిగింది."

బాబాయ్ ఓ మధ్యాహ్నం లేబులక్క పళ్లెంలో గరిటె వంచుతూ మెల్లగా అన్నాడు: "ఈమధ్య ఆవసాసు సీసాల లేబుళ్లన్నీ చక్కగానే ఉంటున్నాయమ్మా. నా కళ్లకేమైనా అయిందంటావా?"

"నీకు వయసైంది బాబాయ్."

"అదే అనుకున్నాలే," అని ఇంకో గరిటె పోశాడు.

మూడు వారాలు. ఆవిడ రక్తంలో అంకె దిగింది. ఇంట్లో దర్జీగారు ఆ చీటీని గోడమీద కత్తెర పక్కన మేకుకి గుచ్చాడు. సరిగ్గా అప్పుడే ఓ పెద్ద దుకాణం నుంచి ఎర్రసాసు పెట్టెలు తిరిగొచ్చాయి. సగం లేబుళ్లు వంకర. పెట్టె తెరిచినవాడు ఫొటో తీసి పంపాడట కూడా.

మేనేజరు గదిలో బల్ల మీద ఆరు సీసాలు నిలబెట్టారు. లేబులక్కని ఎదురుగా నిలబెట్టారు. సూపర్‌వైజర్ ముందే అందుకున్నాడు: "అక్క మంచి మనిషే సార్. కళ్లు కొంచెం తగ్గాయనుకుంటాను. షుగరుంది."

మేనేజరు ఆవిడ వైపు చూశాడు. "కళ్లు కనబడలేదా? కనబడీ వదిలావా?"

కనబడలేదంటే పరీక్షతో పనిలేకుండా ఆ మధ్యాహ్నమే గేటు బయటికి పంపిస్తారు. కనబడిందంటే తప్పు చేసినట్టు. రెండు తలుపులూ ఆయనే పెట్టాడు, రెండింటికీ బయటి నుంచి గడియ. లేబులక్క బల్ల మీద సీసాల్ని చూసింది. మూడోది అన్నిటికంటే వంకర. దాన్ని తిప్పి పెట్టాలని చెయ్యి లాగింది.

"నా కళ్లు బాగానే ఉన్నాయండి. ఎర్రవి వంకరవి కనబడ్డాయి, వదిలేశాను. ఆవసాసువి తిన్ననివి కనబడ్డాయి, తీసి డబ్బాలో వేశాను."

"ఎందుకు?"

"మీ క్యాంటీన్లో నేను తినగలిగింది అదొక్కటేనండి. పక్కన పెట్టమన్నాను, పెట్టలేదు. డబ్బా తెచ్చుకుంటానన్నాను, వద్దన్నారు. కడుక్కుంటుంటే కుళాయికి కాగితం అంటించారు. ఇంక నా చేతిలో మిగిలింది ఆ బెల్టేనండి."

ఆయన సీసాల్ని పక్కకి జరిపాడు. "తినలేనివాళ్లు పని మానెయ్యాలి. కంపెనీ ఏం చేస్తుంది?" అన్నాడు. మానిపించలేదు, అది తన దయ అన్నాడు. మర్నాటి నుంచి ఆవిడని సీసాలు కడిగే షెడ్డుకి మార్చారు. ఆవిరి, వేడినీళ్లు, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, కూర్చోడానికి కుర్చీ లేదు. కూర కడిగినందుకు నవ్వినవాళ్లు ఈసారి నవ్వలేదు. మూతలావిడ ఒక్కతే షెడ్డు గుమ్మం దాకా వచ్చి, "కడుగులక్కా అని పిలిచినందుకు నా నోరు పడిపోను," అని కళ్లు తుడుచుకుంది. "నీ నోరు పడిపోతే నా పేరెవరు పిలుస్తారే?" అంది ఈవిడ.

కంటిపరీక్ష తేదీ ముందే రాసి ఉంది కాబట్టి వెళ్లింది. డాక్టరు దీపం వేసి చూశాడు. చుక్కలు పెరగలేదు. "బాగా చేశావమ్మా, ఏం తిన్నావేంటి?" అన్నాడు. "ఆవసాసండి," అంది. ఆయన జోకనుకున్నాడు. బెల్టు మీద కూర్చోవచ్చని సంతకం పెట్టి ఇచ్చాడు. ఆవిడ ఆ కాగితం మడతపడకుండా తెచ్చి సూపర్‌వైజర్ చేతికిచ్చింది. ఆయన సొరుగులో పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

దీపం ముందు ఇప్పుడొక కొత్త అమ్మాయి కూర్చుంటోంది. పనిమంతురాలు, వంకరది ఒక్కటి వదలదు. క్యాంటీన్ మళ్లీ ఎర్రబడింది. లేబులక్క పళ్లెం కూడా. ఆర్నెల్లకి మళ్లీ కంటిపరీక్ష అంటూ ఉండదు, షెడ్డులో పనికి కళ్లతో పనిలేదు కాబట్టి. ఆ చుక్కలు ఏమవుతున్నాయో ఇంక కంపెనీ చూడదు. ఆవిడ సింకు దగ్గర ఆగుతుంది, కాగితం చూస్తుంది, పళ్లెం తీసుకుని వెళ్లి కూర్చుంటుంది. ముక్కల్ని పళ్లెం అంచుకి రాసి రాసి తింటుంది.

కిందటి నెల మూతలావిడ ఒక కాగితం రాసింది. రెండే వాక్యాలు. 'కూరలో సాసు కలపకండి. గిన్నెలో పెట్టి బల్ల మీద పక్కన పెట్టండి, కావలసినవాళ్లు పోసుకుంటారు.' కొత్త గరిటె అక్కర్లేదు, కొత్త మనిషి అక్కర్లేదు, కొత్త వంట అక్కర్లేదు. మొదటి సంతకం వంట బాబాయ్‌ది. ఇవాళ్టికి నలభై ఒకటి అయ్యాయి. మిగతావాళ్లు చదివి, బాగుంది అంటారు, పెన్ను తీసుకోరు. భయం. ఎవరిని తప్పుపడతాం?

చదువుతున్న మీరు ఆ ఫ్యాక్టరీలో లేరు. మీ ఆఫీసులో, మీ పిల్లల హాస్టల్లో, మీ ఆస్పత్రి వార్డులో, మీ పెద్దవాళ్లుంటున్న ఆశ్రమంలో కూడా ఎవరో ఒకరు గరిటె వంచే చోట పళ్లెం పట్టుకుని నిలబడుతున్నారు. అడగలేకపోతున్నారు. మీకు షుగరు లేకపోవచ్చు. అయినా రేపు వరసలో నిలబడ్డప్పుడు అందరికీ వినబడేలా అడగండి: "సాసు పక్కన పెట్టండి." ఎందుకని అడిగితే మీ కోసమే అనండి. ఆ రెండు వాక్యాలు మీ దగ్గర కూడా రాసి గోడ మీద పెట్టండి, కింద మొదటి సంతకం మీరు చెయ్యండి. ఎవరైనా కుళాయి కింద కూర కడుక్కుంటుంటే నవ్వకండి, ఎందుకని అడగండి. కాగితం కాస్త వంకరగా అంటుకున్నా ఫర్వాలేదు.